పొద్దున్నే పాతబస్తీ

బిర్యానీ కోసం మిట్టమధ్యాహ్నం పాతబస్తీకి వెళ్లేవాళ్లను చూస్తే నాకు జాలి. ఎండలో, ట్రాఫిక్‌లో పడి వెళ్లి తినేది మంచి బిర్యానీయే, కాదనను. కానీ అప్పటికి అక్కడి అసలు వంటలు సగం అయిపోయి ఉంటాయి. ఆ పేట పొయ్యి చీకటితోనే వెలుగుతుంది.

అందుకే ఖమ్మం నుంచి రాత్రి బస్సెక్కి, తెల్లారకముందే ఇమ్లీబన్‌లో దిగాను. నయాపూల్ మీద మూసీ వాసన సంగతి చెప్పుకోకపోవడమే మేలు. కుడిచేతి వైపు హైకోర్టు గుమ్మటాలు మసకగా కనిపిస్తుండగా వంతెన దాటి, నయాబ్ హోటల్లోకి వెళ్లి కూచున్నాను. అప్పుడే నమాజు ముగించుకొచ్చినవాళ్లు, రాత్రి డ్యూటీ దిగినవాళ్లు బల్లల నిండా ఉన్నారు.

"జబాన్ హోనా, పాయా హోనా సాబ్?" అన్నాడు కుర్రాడు. నహారిలో నాలుక ముక్కలు కావాలా, కాళ్లు కావాలా అని. పాయా అన్నాను. రాత్రంతా సన్నసెగ మీద మరిగిన రసం అది. పైన ఎర్రటి నూనె తెట్టు, కింద వేలికి అంటుకునే జిగురు. కుల్చా తుంచి ముంచితే ఒక్క క్షణంలో మెత్తబడుతుంది.

తర్వాత ఖిచిడీ, ఖీమా, ఖట్టా. పసుపుపచ్చగా పొడిపొడిగా ఉండే ఎర్రకందిపప్పు ఖిచిడీ మీద ఖీమా వేసుకుని, ఖట్టా పోసుకుంటారు. ఆ ఖట్టా నోట్లో పడగానే మా ఇంటి పచ్చిపులుసే గుర్తొచ్చింది. అదే చింతపండు, అదే నువ్వుల పొడి, అవే ఉల్లిపాయ ముక్కలు. మిర్చీ కా సాలన్‌లోనూ, బఘారా బైంగన్‌లోనూ పల్లీ, నువ్వు, చింతపండు ఉండాల్సిందే. హైదరాబాదీ వంటను మొగలాయి వంట అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు ఈ పులుపును ఏ లెక్కలో వేస్తారో మరి. ఢిల్లీ నుంచి వచ్చిన మాంసానికి మన చింతచెట్టు తోడయింది. నా మటుకు ఈ ఊరి రుచంతా అక్కడే ఉంది.

పత్తర్‌గట్టీ పక్క సందుల్లోంచి పురానీ హవేలీకి నడిచాను. 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణానికి వెళ్లాను. రొట్టె గుండ్రంగా ఉండదు, నాలుగు మూలలతో ఉంటుంది. గోతిలో దించిన తందూరు అంచున కూర్చున్న మనిషి వంగి, పిండి రేకును లోపలి గోడకు చరిచి, వెంటనే చెయ్యి లాగేస్తాడు. కాలాక ఇనుప చువ్వలతో పైకి లాగి బల్ల మీద విసురుతాడు. అక్కడ కూర ఉండదు, కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్లాలి. నేను రోడ్డు మీదే ఉత్త నాన్ తినేశాను.

గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండిది వేరే లోకం. దోసె మీద ఉప్మా పరిచి, ఎర్ర చట్నీ, కారప్పొడి, వెన్న కలిపి గరిటెతో చిదిపి పులిమేస్తారు. చుట్టూ బంగారం దుకాణాల గుమాస్తాలు, బేరాలకొచ్చినవాళ్లు నిలబడే తింటారు. నాకైతే వెన్న మరీ ఎక్కువనిపించింది. అయినా ప్లేటులో ఏమీ మిగల్చలేదు.

హలీం ఆశ మాత్రం వదులుకున్నాను. 2010లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఆ వంట ఇప్పుడు ఏడాది పొడుగునా అక్కడక్కడా దొరుకుతుంది గానీ, రంజాన్ సాయంత్రం వీధిలో బట్టీ ముందు నిలబడి తినకపోతే అది నాకు ఉత్త గోధుమ జావే.

చివరికి చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్. డికాక్షన్ వేరుగా దమ్ము పట్టి, పాలు వేరుగా చిక్కగా కాచి, కప్పులోనే కలుపుతారు. ఉస్మానియా బిస్కెట్టు ముంచి తీయడంలో ఆలస్యం పనికిరాదు. ఇంటికి రెండు కిలోలు కట్టమన్నాను.

"ఊరికి తీస్కపోతున్నవా అన్నా? సంచిల అడుగున పెట్టకు, బస్సు దిగేవరకు పొడి పొడి అయితది" అన్నాడు కౌంటరు దగ్గరి అబ్బాయి. ఖమ్మం దాకా ఒళ్లోనే పెట్టుకున్నాను. సూర్యాపేట దాటేసరికి ఒక పొట్లం సగమైంది.