బొంతపల్లిలో ఒక బొంత

మీలో చాలామంది చిన్నప్పుడు బొంత మీద పడుకున్నవారే అయి ఉంటారు. అమ్మమ్మ చీర ఒక పక్క, తాతయ్య పంచె ఒక పక్క, మధ్యన ఎవరిదో గళ్ళ చొక్కా ముక్క! అలాంటి బొంత తయారవుతూ ఉంటే చూద్దామని నేను ఈమధ్య ఒక ఊరు వెళ్ళి వచ్చాను. చిత్రమేమంటే, ఆ ఊరి పేరు కూడా బొంతపల్లే.

హైదరాబాదులో బాలానగరు నుంచి బయలుదేరి, గండిమైసమ్మ, దుండిగల్ మీదుగా నర్సాపూరు వైపు వెళితే బొంతపల్లి చేరవచ్చు. దుండిగల్‌లో వాయుసేన వారి అకాడమీ ఉన్నది. బస్సు కిటికీలోంచి చూస్తే, విమానం నడపటం నేర్చుకునేవారు ఆకాశంలో చుట్లు కొడుతూ కనిపిస్తారు. బొంతపల్లి ఇదివరకు మెదక్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సంగారెడ్డి జిల్లాలో చేరింది. ఇక్కడి వీరభద్రస్వామి గుడికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చేవారు. ఇప్పుడు కార్లలోనూ, బస్సుల్లోనూ వస్తారు.

గుడి పాతది, దాని చుట్టూ ఉన్న లోకం కొత్తది. పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి — ఈ ప్రాంతమంతా ఫ్యాక్టరీలమయం. మనం జ్వరం వస్తే వేసుకునే మాత్రలలోకి కావలసిన మందులు ఇలాంటి ఫ్యాక్టరీలలోనే తయారవుతాయి. వాటిలో పనిచేయటానికి బీహారు, ఒడిశా, బెంగాలు మొదలైన చోట్ల నుంచి కూడా మనుషులు వచ్చారు. వరసగా కట్టిన చిన్న చిన్న గదులలో వాళ్ళు అద్దెకు ఉంటారు. ఒక షిఫ్టువాళ్ళు పనికి పోతుంటే, ఇంకో షిఫ్టువాళ్ళు నిద్రకు వస్తుంటారు.

అలాంటి వీధిలోనే నా పాత విద్యార్థి ఒకడు కాపురం ఉంటున్నాడు. అతనికి ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేస్తారు, దానికి నన్ను రమ్మన్నాడు. నేను నాలుగు రోజులు ముందుగానే వెళ్ళాను. ఎందుకంటే అతని తల్లి మనవరాలి కోసం బొంత కుడుతున్నదని తెలిసింది. ఆమె కుట్టు అంటే నాకు ఒక పాత బాకీ ఉన్నది. ఆ సంగతి మీకు దాచకుండా చెప్పాలి.

1999లో నేను ఒక బడిలో ఆరో తరగతికి పాఠాలు చెప్పేవాణ్ణి. ఒకనాడు ఈ కుర్రవాడు పుస్తకాలను గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చాడు. పచ్చని చీరముక్కతో కుట్టిన సంచి, దాని మీద ఎర్రదారంతో చిలకబొమ్మ. పిల్లలు చూచి నవ్వారు. అప్పుడు నేను ఆ పిల్లలను కదా మందలించవలసింది! కాని నేను, “రేపటి నుంచి సరైన సంచి తెచ్చుకో” అన్నాను. మర్నాడు కుర్రవాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోనాడు నేను వాళ్ళ ఇంటికి పోయేసరికి, తల్లి గుమ్మంలో కూర్చుని ఎవరిదో అంగీకి గుండీలు కుడుతున్నది. కొత్త సంచి కొనటానికి డబ్బు కూడబెడుతున్నదట! నాకు నోట మాట రాలేదు. “ఆ సంచితోనే పంపు తల్లీ” అని మాత్రం చెప్పి వచ్చాను. తప్పు నాదేనని చెప్పి ఉండవలసింది. చెప్పలేదు.

ఇన్నేళ్ళ తరువాత నేను వెళ్ళేసరికి, ఆమె అదే తీరున గుమ్మంలో కూర్చుని ఉన్నది. జుట్టు నెరిసింది. పక్కనే ఆమె పెద్దమనవడు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. వాడికి ఎనిమిదేళ్ళు.

“సూది బెజ్జం అవుపడ్తలేదు సారూ! వీడే నా కండ్లు” అన్నదామె నవ్వుతూ.

దీనికి కారణం మీకు తెలుసా? మన కంటిలో ఒక కటకం ఉన్నది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు అది కొంచెం ఉబ్బుతుంది. నలభై ఏళ్ళు దాటేసరికి ఆ కటకం బిరుసెక్కి, ఉబ్బటం తగ్గుతుంది. దాన్నే చత్వారం అంటారు. అందుచేత మీ ఇంట్లో పెద్దవాళ్ళు కుట్టుపనికి కూర్చుంటే, ముందుగానే నాలుగు సూదులకు దారం ఎక్కించి పెట్టండి. అదే పెద్ద సాయం.

బొంత ఎలా కుడతారో చెబుతాను, వినండి. మొదట పాత నూలుచీరను ఉతికి, బాగా ఎండలో ఆరవేస్తారు. కొత్తబట్టకు గంజి ఉంటుంది గనక గరుకుగా ఉంటుంది. పాతబట్ట ఎన్నోసార్లు ఉతికినది గనక మెత్తబడుతుంది. పురిటిబిడ్డకు మొదట పాతబట్టలే వాడాలని మన పెద్దలు అనటంలో ఈ సుఖం కూడా ఉన్నది. తరువాత ఆ బట్టను నాలుగు పొరలుగా నేలమీద పరిచి, ముడతలు లేకుండా సవరించి, చెదరకుండా పెద్ద పెద్ద టాకాలు వేస్తారు. పైన రంగురంగుల ముక్కలు అమర్చి, అంచులు లోపలికి మడిచి కుడతారు. ఇక ఒక కొస నుంచి మరొక కొసకు వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోవటమే.

“ఎన్ని కుట్లు పడతయి నానమ్మా?” అని మనవడు అడిగాడు.

“నాకేం ఎరుక? లెక్కలు మీ సారునడుగు” అన్నదామె.

సరే, లెక్క వేద్దామన్నాను. బొంత పొడవు 36 అంగుళాలు. వెడల్పు 30 అంగుళాలు. అంగుళానికి నాలుగు కుట్లు పడుతున్నాయి. అంటే ఒక వరసకు 144 కుట్లు. వరసకూ వరసకూ మధ్య అంగుళం ఎడం ఉంచితే సుమారు 30 వరసలు వస్తాయి. 144ను 30తో గుణిస్తే 4,320! చంటిపిల్ల పడుకునే చిన్న బొంతకే ఇన్ని కుట్లు. కుర్రవాడు నోరు తెరిచాడు. ఆమె మాత్రం అప్పటికి ఇంకో పది కుట్లు వేసేసింది.

“మిషను మీద అయితే ఒక్కపూటలో అయిపోదా?” అన్నాడు వాడు. వాడి ప్రశ్న మంచిదే. 1846లో అమెరికాలో ఇలియాస్ హోవే అనే ఆయన కుట్టుమిషనుకు పేటెంటు పొందాడు. మామూలు సూదికి బెజ్జం వెనక ఉంటే, ఆ మిషను సూదికి మొన దగ్గర ఉంటుంది. అది పైదారాన్ని బట్ట కిందికి తీసుకుపోగా, అక్కడ రెండో దారం దానితో మెలిక పడుతుంది. 1851లో సింగర్ అనే ఆయన మరో మంచి మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో 1930లలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలయింది. ఎంతోమంది ఆడవాళ్ళు మిషను కుట్టి ఇల్లు గడుపుకుంటున్నారు. మిషను మంచిదే. కాని చేతికుట్టును కావలసినంత వదులుగా వేయవచ్చు. అప్పుడు పొరల మధ్య ఉన్న గాలి నలిగిపోదు.

గాలితో పనేమిటి అంటారా? బొంతలోని వెచ్చదనమంతా ఆ గాలిదే! బట్ట వేడిని పుట్టించదు. మన ఒంటి వేడి బయటికి పోకుండా ఆపుతుంది, అంతే. కదలకుండా ఉన్న గాలిలోంచి వేడి చాలా నెమ్మదిగా పోతుంది. నాలుగు పొరల మధ్యన, నూలుపోగుల సందులలో ఆ గాలి చిక్కుకుని ఉంటుంది. కావాలంటే మీరే పరీక్ష చేయండి. ఒకే కొలత గల రెండు స్టీలు గ్లాసులలో పెద్దవాళ్ళ చేత సమంగా గోరువెచ్చని నీళ్ళు పోయించండి. ఒక గ్లాసుకు బొంత చుట్టండి, రెండోదాన్ని అలాగే వదలండి. రెంటి మీదా మూతలు పెట్టండి. అరగంట తరువాత వేలు ముంచి చూడండి. బొంత తడిసిందంటే గాలి ఉన్న చోట నీళ్ళు చేరతాయి. అప్పుడది వెచ్చగా ఉండదు. పసిపిల్ల బొంతను మాటిమాటికీ మార్చి ఎండవేయటం అందుకే.

ఇంతలో నా విద్యార్థి షిఫ్టు ముగించుకుని ఇంటికి వచ్చాడు. బొంత నడుమ పెట్టే ముక్క కోసం తల్లి వెతుకుతున్నది. దండెం మీద ఉన్న అతని నీలిరంగు కంపెనీ అంగీని చూపించి, “పాతబడింది కద, ఇది కోయనా బిడ్డా?” అన్నది.

అతను గబుక్కున ఆ అంగీ అందుకుని, “అది వద్దమ్మా! పనిలో మందుల పొడి, రసాయనాలు దాని మీద పడ్తయి. అందుకే నేను వేరే ఉతుక్కుంట. పాప దగ్గరికి రానియ్యొద్దు” అన్నాడు.

నాకు చాలా సంతోషం కలిగింది. పాతబట్ట మంచిదే, కాని ఎక్కడ వాడిన పాతబట్టో కూడా చూడాలి గదా. మరి తండ్రి గుర్తుగా ఏం పెట్టాలి? ఆమె కాసేపు ఆలోచించి, లోపలికి పోయి పెట్టె తెరిచి ఒక మూట తెచ్చింది. అందులోంచి ఆ పచ్చని సంచి బయటపడింది! రంగు వెలిసింది, చిలక ముక్కు దగ్గర దారం తెగింది. అయినా నేను చూడగానే గుర్తుపట్టాను. తండ్రీకొడుకులు కూడా నావైపే చూస్తున్నారు.

“అమ్మా! ఆనాడు ఈ సంచి విషయంలో తప్పు చేసినవాణ్ణి నేను. నవ్విన పిల్లలను మందలించక, నీ కొడుకును చిన్నబుచ్చాను” అన్నాను.

“ఎప్పటి ముచ్చట సారూ! వాడు ఈ సంచితోనే పదో తరగతి దాకా వచ్చిండు గద” అన్నదామె. ఆ పచ్చగుడ్డను నిదానంగా విప్పదీసి, చిలక ఉన్న ముక్కను బొంత నడుమ పరిచింది.

ఆ సందడికి పక్క గదిలో ఉండే బీహారు ఆమె వచ్చి చూచింది. వాళ్ళ ఊళ్ళో దీన్ని సుజని అంటారట. ఎదుటి వరసలోని బెంగాలు కుటుంబం వారు కాంథా అన్నారు. పూర్వం బెంగాలులో చీర అంచుల నుంచి లాగిన రంగుదారాలతోనే కాంథాలు కుట్టేవారు. కర్ణాటకలో దీని పేరు కౌది. మన తండాలలోని లంబాడీ స్త్రీలు ముక్కలు అతికి, అద్దాలు, గవ్వలు కూడా కుడతారు. చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి. కాని చంటిపిల్లల బట్టలకు అద్దాలు, పూసలు, గుండీలు పెట్టకూడదు. ఊడితే నోట్లో పెట్టుకుంటారు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉన్నది. అక్కడి నల్లజాతి స్త్రీల పూర్వులు పత్తి తోటలలో బానిసలుగా పనిచేసినవారు. ఈ స్త్రీలు చలి ఆగటానికి చిరిగిన పొలంబట్టలతో బొంతలు కుట్టుకునేవారు. 2002లో ఆ బొంతలను హ్యూస్టను, న్యూయార్కు నగరాలలోని మ్యూజియంలలో గోడలకు తగిలించి ప్రదర్శించారు. జనం వచ్చి ఆశ్చర్యంగా చూచారు. 2006లో వాటి బొమ్మలతో అమెరికా ప్రభుత్వం తపాలా బిళ్ళలు వేసింది. పేదతనంలో పుట్టినది పనికిమాలినది కాదని ఆ బిళ్ళలు ఊరూరా తిరిగి చెప్పాయి. మరి ఆనాడు తరగతిలో నాకు ఈ తెలివి లేకపోయింది!

సూదిపని చిన్నపని అనుకోకండి. సైబీరియాలోని దెనిసోవా గుహలో దొరికిన ఎముక సూది వయస్సు 40,000 ఏళ్ళకు పైనే. ఇనుము తెలియక ముందే మనిషికి సూది తెలుసు. మీరు కూడా ఈ సెలవుల్లో ఒక చిన్నసంచి కుట్టి చూడండి. జానెడు వెడల్పు, రెండు జానల పొడవు గల బట్టను సగానికి మడిచి, రెండు పక్కలా కుట్టి, లోపలి వైపు పైకి తిప్పితే సంచి అవుతుంది. అక్కకో, చెల్లెలికో, స్నేహితుడికో పుట్టినరోజు బహుమతిగా ఇవ్వవచ్చు. కాని కూర్చునే ముందు సూదులు లెక్కపెట్టండి, లేచేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా, దొరికేదాకా అక్కడి నుంచి కదలకండి. కుడుతూ ఉండగా సూదిని నోట్లో పెట్టుకోవద్దు.

ఇక నేను బయలుదేరే ముందు, “ఒక వరస నేను కుట్టనా అమ్మా?” అని అడిగాను. మనవడు సూదికి దారం ఎక్కించి ఇచ్చాడు. నేను నల్లబల్ల మీద తిన్నగా గీతలు గీసినవాణ్ణే, కాని ఆ వరస పాములాగా వంకరపోయింది. వేలికి రెండుసార్లు గుచ్చుకున్నది కూడా. విప్పేయమన్నాను.

“ఉండనియ్యి సారూ! ఇది నీ కుట్టని పాపకు చెప్త” అన్నదామె.

తొట్టెలనాడు ఆ బొంతను పాప కింద పరిచారు. ముఖం మీదికి ఏ గుడ్డా రాకుండా సవరించారు. వచ్చినవాళ్ళు తెచ్చిన కొత్త గౌన్లు, బొమ్మలు ఒక పక్కన పెట్టి ఉన్నాయి. చిలక మీద చెయ్యి వేసుకుని పాప హాయిగా నిద్రపోయింది.

బాలలారా! రేపు మీ తరగతికి ఎవరైనా అతుకుల చొక్కాతోనో, చేతికుట్టు సంచితోనో వస్తే నవ్వకండి. “ఎవరు కుట్టారు?” అని అడగండి. ఆ జవాబు వినటానికి నేను ఇరవై ఏళ్ళకు పైగా ఆలస్యం చేశాను. మీరు అంత ఆలస్యం చేయవద్దు.