ఉండిపోయినవాడి ఊరికి

పాత స్నేహితులు కలుసుకోవాలనుకుంటే ఈమధ్య మనవాళ్ల నోట ముందుగా వచ్చే పేరు థాయ్‌లాండ్. 2023 నవంబరులో ఆ దేశం భారతీయులకు వీసా అక్కర్లేదన్నప్పటి నుంచి పదో తరగతి బ్యాచ్‌లు, ఇంజినీరింగ్ బ్యాచ్‌లు, ఒకే ఆఫీసులో పనిచేసి చెదిరిపోయినవాళ్లు అందరూ బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్ అంటున్నారు. మా చిన్న గ్రూపులోనూ ఆ మాటే వచ్చింది. అన్నవాడు అక్కడుండేవాడే. ఒకప్పుడు మాతోపాటు కాజీపల్లిలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) ల్యాబ్‌లో పనిచేసి, తర్వాత మందుల ఎగుమతి వ్యాపారంలోకి మారి, బ్యాంకాక్‌లో స్థిరపడ్డాడు. "టికెట్లు కొనుక్కుని రండి చాలు, దిగాక అంతా నేను చూసుకుంటా" అని రాశాడు.

మేం నలుగురం. బ్యాంకాక్ మిత్రుడొకడు. గుంటూరు జిల్లా నుంచి ఎమ్మెస్సీ కాగితం పట్టుకుని వచ్చి ప్రొడక్షన్‌లో కెమిస్టుగా చేరి, ఆ తర్వాత పరవాడ ఫార్మాసిటీకి వెళ్లిపోయిన నేను. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చి బాయిలర్ చూసిన తమ్ముడు. ఒంట్లో బాగుండక సొంతూరు చేరి కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. నాలుగోవాడిది కాజీపల్లే. రియాక్టర్ ఆపరేటరుగా చేరాడు, ఇప్పటికీ అదే పారిశ్రామిక పట్టీలో మరో కంపెనీలో చేస్తున్నాడు. అతను ఇలా రాశాడు: "నాకు పాస్‌పోర్టు లేదన్నా. బర్లున్నయ్. లీవు గూడ దొర్కది. మీరే రాండ్రి."

గంజాం తమ్ముడు వెంటనే, "అయితే నేను కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తాను" అన్నాడు. థాయ్‌లాండ్ మాట అక్కడితో ఆగిపోయింది.

హైదరాబాదుకు వాయవ్యంగా, దుండిగల్ దాటాక, సంగారెడ్డి జిల్లాలో బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. వెనకబడిన జిల్లా అని రాయితీలిచ్చి, డెబ్భైల్లో పటాన్‌చెరు దగ్గర మొదలుపెట్టిన పరిశ్రమలు ఇటువైపూ పాకాయి. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ బాలానగర్‌లో మందుల తయారీ నేర్పింది. అక్కడ చేయి తిరిగినవాళ్లలో కొందరు సొంతంగా పెట్టుకున్న కంపెనీలతోనే ఈ బల్క్ డ్రగ్ లోకం పెరిగింది. మాత్రలో ఉండే అసలు మందు పొడి ఇక్కడ తయారవుతుంది. డబుల్ పాలిథీన్ కవర్లో, ఫైబర్ డ్రమ్ముల్లో కట్టి ప్రపంచం నలుమూలలకూ పంపుతారు. నైట్ షిఫ్టులో ఆ డ్రమ్ముల మీద అతికించిన ఊళ్ల పేర్లు చదువుకునేవాళ్లం. వాటిలో బ్యాంకాక్ కూడా ఉండేది.

మా స్నేహం రూముల్లోనో క్యాంటీన్లోనో పుట్టలేదు. రియాక్టర్ దగ్గర పుట్టింది.

టొలీన్ వంటి సాల్వెంట్లతో పనిచేసే చోట ప్రతి చిన్న పనిలోనూ పక్కవాడి ప్రాణం మన చేతిలో ఉంటుంది. సాల్వెంట్ పైపులో పారుతుంటే స్టాటిక్ కరెంటు పుడుతుంది. దాన్ని భూమిలోకి దించే రాగి పట్టీ ఊడిపోయి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే ఇనుప పానాలు వద్దని ఇత్తడివి వాడతారు. అన్నిటికంటే భయం రియాక్టర్‌లోకి మనిషి దిగాల్సి వచ్చినప్పుడు. నిప్పంటుకోకుండా లోపల నైట్రోజన్ నింపి ఉంచుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే తగ్గితే లోపలికి దిగకూడదు. చాలా తగ్గిపోతే ఊపిరాడటం లేదని తెలిసేలోపే మనిషి పడిపోతాడు. గాలి కొట్టి, మీటరు పెట్టి చూసి, పర్మిట్ మీద సంతకాలు అయ్యాక నడుముకి బెల్టు, బెల్టుకి తాడు కట్టి దించుతారు. ఒకడు మ్యాన్‌హోల్ దగ్గర తాడు పట్టుకుని నిలబడాలి. వాడు ఎవరు పిలిచినా పోకూడదు, లోపలివాడు పైకి వచ్చేదాకా మరో పని పెట్టుకోకూడదు. కాజీపల్లి మిత్రుడు లోపలికి దిగిన రాత్రులు కొన్ని ఉన్నాయి, తాడు నా చేతిలో ఉంది. పగలు నలుగురిలో నన్ను "సార్" అనేవాడు ఆ మ్యాన్‌హోల్లోంచి "అన్నా, ఉన్నవా?" అని అరిచేవాడు. "ఉన్నా తమ్ముడూ" అని నేను. అన్నదమ్ములతో కూడా నేను అంత శ్రద్ధగా మాట్లాడి ఉండను.

ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లం పోయాం. పండగ శుభాకాంక్షలకు తప్ప గ్రూపు మూగబోయింది. 2025 జూన్ 30 ఉదయం పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలో ఒక కర్మాగారంలో పేలుడు జరిగింది. యాభై మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. మావాడు పనిచేసేది అక్కడ కాదని మాకు తెలుసు. అయినా టీవీలో పొగ చూస్తూ ముగ్గురం మార్చి మార్చి అతనికి ఫోన్లు చేశాం. ఎత్తలేదు. సాల్వెంట్ ఉన్నచోటికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గరే పెట్టి పోవాలి. ఆ నియమం మేం ముగ్గురం ఏళ్ల తరబడి పాటించినదే. తెలిసినా గుండె ఒప్పుకోదు కదా. సాయంత్రం షిఫ్టు దిగాక "మంచిగున్నన్నా" అని రెండు ముక్కలు వచ్చాయి. గంజాం తమ్ముడు ఫోన్లో ఏడ్చాడు. కలుసుకోవాలన్న మాట ఆ రాత్రి పుట్టింది.

వెళ్లాం. గుర్తుపట్టగలిగినవి తక్కువే. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు వచ్చింది. కాజీపల్లి రిజర్వు అడవిలో 1650 ఎకరాలను నటుడు ప్రభాస్ 2020లో దత్తత తీసుకుని రెండు కోట్లిచ్చారు. మారనివీ ఉన్నాయి: దుండిగల్ వైమానిక దళ అకాడమీ శిక్షణ విమానాలు ఇప్పటికీ తల మీద గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. మందు వాసన కూడా ఉంది. బ్యాంకాక్ మిత్రుడు కారు అద్దం దించి, కళ్లు మూసుకుని, మందు తయారీలో ఏ స్టేజీ నడుస్తోందో చెప్పబోయాడు.

ఆ రాత్రి కాజీపల్లి మిత్రుడి ఇంట్లో అన్నం తిని వరండాలో కూర్చున్నాం. వాన మొదలైంది. ముగ్గురం ఒక్కసారే పాత వానల్లోకి వెళ్లిపోయాం. వాన పడే రాత్రి షిఫ్టంటే మాకు పండగ. కూలింగ్ టవర్ నీళ్లు చల్లబడతాయి, రియాక్టర్ వేడి త్వరగా దిగుతుంది, సెంట్రిఫ్యూజ్ పని తెల్లారకముందే అయిపోతుంది. రేకుల మీద చినుకుల మోత, బాయిలర్ దగ్గర వెచ్చదనం, ఎవరో ఒకరు తెచ్చిన మిరపకాయ బజ్జీలు. ఒకరి మాట మీద ఒకరం పడి చెప్పుకుంటున్నాం.

మిత్రుడి తల్లి లోపలి నుంచి వచ్చి, చెంగు తల మీద కప్పుకుని, గడప దిగి వాగు వైపు చూసి వచ్చింది. కాసేపాగి మళ్లీ వెళ్లి చూసింది. ఎందుకని అడిగాను.

"వానపడ్డ రాత్రి మా ఇంట్ల ఎవ్వలు నిద్రపోకపోతుండె అన్నా," అన్నాడు మిత్రుడు. "వాన నీళ్లల్ల కల్పి కంపిని నీళ్లు ఎవడు ఇడుస్తడో అని. తెల్లారి చూస్తె వాగు ఎర్రగుంటుండె, ఒక్కోపారి నురుగు. బర్లను ఇడ్వకుండ కట్టేస్తుండె మా అమ్మ. ఇప్పుడు తక్కువైంది. ఆమెకు అలవాటు పోలే."

అతను ఫిర్యాదుగా అనలేదు. మేం వానల గురించి చెప్పుకున్నట్టే అతనూ తన వాన గురించి చెప్పాడు. వాళ్ల నాయన చెరువు కింద వరి పండించేవాడట. నీళ్లు పాడయ్యాక మడి బీడుపడింది, కొడుకు రియాక్టర్ దగ్గర పనికొచ్చాడు. మా నలుగురికీ ఒకే రాత్రుల్లో ఒకే షెడ్డు కింద జీతం వచ్చింది. ముగ్గురికి అవి ఉద్యోగం తొలినాళ్లు. నాలుగోవాడికి, పొలం పోయాక మిగిలిన దారి.

ఇంతకాలం కలిసి గడిపిన రోజులంటే అందరికీ ఒకటేననుకున్నాను. పాత స్నేహితులు కలిసినప్పుడు మనం చేసేది ఆ ఒక్కటైన రోజుల్ని తిరగేయడమే అనుకున్నాను. కాజీపల్లిలో నాకు తెలిసింది వేరు. వెళ్లిపోయినవాళ్లం జ్ఞాపకాలతో వస్తాం, వాటి వయసు పెరగదు. ఉండిపోయినవాడు ఆ రోజుల తర్వాత వచ్చిన రోజుల్నీ అక్కడే మోశాడు. కనుక ముందు మాట్లాడవలసినవాడు అతనే. మన కబుర్లు తర్వాత చెప్పుకున్నా పాడైపోవు. పట్టాయాలో ఏ హోటల్లోనో కలిసి ఉంటే ఆ ముసలమ్మ గడప దిగి వాగు చూసి రావడం మా కంటపడేది కాదు. నలుగురం ముగ్గురి జ్ఞాపకాలే చెప్పుకుని, ఎంతో సంతోషంగా విడిపోయేవాళ్లం.

ఆ తర్వాత అతను చెప్తుంటే విన్నాం. 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడినప్పటి నుంచి కోర్టుల్లో నలిగిన పటాన్‌చెరు కాలుష్యం కేసు, రైతులకు వచ్చిన పరిహారం, పటాన్‌చెరులో వైద్యం చేస్తూనే దశాబ్దాలపాటు ఈ నీళ్ల కోసం పోరాడిన డాక్టర్ కిషన్‌రావు, 2017లో గండిగూడెం చెరువులో తెల్లగా తేలిన చేపలు. నేను పేపర్లో చదివి పక్కన పెట్టిన సంగతులన్నీ అతని నోట బంధువుల సంగతుల్లా వచ్చాయి.

అప్పుడు బ్యాంకాక్ మిత్రుడు నోరు విప్పాడు. మందుల వ్యాపారంలో ఉన్నాడు కాబట్టి పరిశోధనలు చదువుతాడు. కాజీపల్లి చెరువు మీద స్వీడన్ శాస్త్రవేత్తలు 2014లో ఒక పత్రం ప్రచురించారని చెప్పాడు. చెరువులోని సూక్ష్మజీవుల డీఎన్ఏ మొత్తం తీసి చదివారు. యాంటీబయాటిక్‌లకు లొంగని జన్యువులు 81 రకాలు దొరికాయి. పోల్చడానికి తీసుకున్న స్వీడన్ చెరువులో దొరికినవి 8. మొత్తం పరిమాణంలో చూస్తే తేడా సుమారు 7000 రెట్లు. అంతకుముందు 2007లో అదే దేశపువాళ్లు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్‌ను చూశారు. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ అది.

"అంటే ఏమైతదన్నా?" అన్నాడు మిత్రుడు. నేను చెప్పాను. ఆ మందు సూక్ష్మజీవి తన డీఎన్ఏను విప్పుకోనివ్వదు, చంపుతుంది. మందు ఎప్పుడూ ఉండే నీళ్లలో తట్టుకోగలిగినవే బతుకుతాయి. తట్టుకునే విద్యను అవి తమ పిల్లలకే కాదు, పక్కనున్న వేరే జాతి సూక్ష్మజీవులకు కూడా ఇచ్చేస్తాయి. రేపు ఎవరికో జ్వరమొస్తే ఇక్కడ తయారైన మందే పనిచేయకపోవచ్చు, ఆ రోగి కాజీపల్లిలో ఉన్నా బ్యాంకాక్‌లో ఉన్నా.

కాజీపల్లి మిత్రుడి కూతురు తలుపు దగ్గర నిలబడి వింటోంది. బీఫార్మసీ చేసి ఒక కంపెనీ క్యూసీలో చేస్తోంది. ఆ చదువు ఈ పట్టీ ఇచ్చిన జీతంతోనే అయింది. ఆ సంగతి అతనే ముందు చెప్పాడు. "కంపిని బందు గావాలని నేనెన్నడు అనలేదన్నా. మా బిడ్డ గూడ అండ్లనే ఉంది. నీళ్లు నీళ్లలెక్క ఉంటే సాలు." ఈ మాటలో నాకు ఏ పక్షమూ వినిపించలేదు, న్యాయం వినిపించింది. నేనూ మందులు తయారుచేసే బతుకువాడినే. వ్యర్థాల నుంచి సాల్వెంట్ తిరిగి పట్టడం, మిగిలిన నీళ్లను ఆవిరి చేసి ఉప్పుగా మార్చి చుక్క బయటికి పోకుండా చూడటం చేతకాని విద్య కాదు. ఖర్చవుతుంది, అంతే. మందు ధరలో ఆ ఖర్చు వేసుకోకపోతే ఇంకెవరో కడతారు. ఇన్నాళ్లూ దాన్ని కట్టింది ఈ వాకిట్లో కట్టేసిన బర్లు, ఆ ముసలమ్మ నిద్ర.

తెల్లారాక బయల్దేరుతుంటే మిత్రుడు బ్యాంకాక్ అన్నను పక్కకు పిలిచి ఒకటి అడిగాడు. మా చెరువు గురించి వాళ్లు రాసింది మాకు తెలుగుల కావాలె, ఊళ్లె చదివి ఇనిపిస్త, అని. అతను నా వైపు చూశాడు, రాయగలిగినవాడివి నువ్వేనని. ఒప్పుకున్నాను. గంజాం తమ్ముడు తన కొట్టు చిరునామా ఇచ్చి, తనకూ ఒక ప్రతి కావాలన్నాడు. ఆ పట్టీకి పనికొచ్చే కుర్రాళ్లు వాళ్ల ఊళ్లోనూ ఉన్నారు.

ప్రస్తుతం సగం దాకా వచ్చాను. లెక్కలు తేలికే. ఒక సూక్ష్మజీవి నుంచి మరోదానికి జన్యువు ఎలా దాటుతుందో చెప్పే భాగం దగ్గర ఆగాను. రాసినంత మేర రోజూ రాత్రి మిత్రుడి కూతురికి పంపిస్తున్నాను. ఆమె వాళ్ల నానమ్మకు చదివి వినిపించి, అర్థం కాని చోట గీత గీసి తిరిగి పంపుతోంది.