మా కిటికీ మీద పాత రీలు గీతలు!

‘మాయాబజార్’ (1957) చూడని తెలుగువాడు ఉంటాడా? అందులో ప్రియదర్శిని పేటిక మూత తీస్తే ఎవరికి ఏది ప్రియమో అదే కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు! మా పటాన్‌చెరులో కిటికీ పరదా తీస్తే మాత్రం ఆ తేడాలేమీ లేవు. అందరికీ ఒకటే దర్శనం... దుమ్ము!

ఒక పక్క ముంబయి హైవే మీద తెల్లవార్లూ లారీలు. మరో పక్క ఫ్యాక్టరీల గొట్టాలు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశం మొత్తం మీద 43 ప్రాంతాలను తీవ్ర కాలుష్య ప్రాంతాలని లెక్క తేలిస్తే, అందులో పటాన్‌చెరు–బొల్లారం పేరూ ఉంది. ఇలాంటి చోట కిటికీ అద్దం తళతళలాడాలంటే మాటలా?

“సినిమా పత్రికలో ఈ కిటికీల గోలేమిటండీ?” అని పేజీ తిప్పేయకండి. అద్దంలోంచి చూడటమే కదా సినిమా అంటే! కెమెరా ముందూ అద్దమే, ప్రొజెక్టరు ముందూ అద్దమే. పైగా మా ఇంట్లో ఈ గోల వెనుక ఒక కన్ను కథ ఉంది.

మా అమ్మకు సంగారెడ్డిలో శుక్లం ఆపరేషన్ చేయించాను. పట్టీ విప్పాక మనిషి బాగా హుషారుగా ఉంది. వారం తిరగకుండా ఒక సాయంత్రం పడమటి కిటికీ దగ్గర కూర్చుని దిగాలుగా అడిగింది.

“ఏమ్రా, డాక్టరు కన్ను మంచిగ జేసిండంటవా? అన్నీ గీతలు గీతలే కనబడుతున్నయి... పాత సిన్మా లెక్క!”

నా గుండె జారింది. మర్నాడే డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాం. ఆయన దీపం వేసి చూసి, అక్షరాలు చదివించి, “కన్ను భేషుగ్గా ఉంది” అన్నారు. మరి గీతలెక్కడివి? ఇంటికొచ్చి, ఎండ వాలే వేళకు అమ్మ కూర్చునే చోటే కూర్చుని చూశాను. గీతలు కంట్లో లేవు, కిటికీకి ఉన్నాయి! శుక్లం ఉన్నన్నాళ్లూ అమ్మకు అవి కనపడలేదు. చూపు బాగుపడింది కనుకనే కనిపించాయన్నమాట.

ఇంకేం, రంగంలోకి దిగాను. కిటికీ రోజూ తుడుస్తూనే ఉన్నా గీతలెందుకు పడుతున్నాయి? ఆరా తీస్తే అసలు విలన్ దుమ్ము కాదని తేలింది. నీళ్లు! మా బిల్డింగుకు వచ్చేవి బోరు నీళ్లు. బకెట్టు అంచున తెల్లటి చార కట్టే రకం. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. అద్దం మీద నీళ్లు ఆరిపోతాయి కానీ లవణాలు ఎక్కడికీ పోవు, అక్కడే గీతలై, చుక్కలై కూర్చుంటాయి. సబ్బు ఎక్కువైనా ఇదే తంతు. కాబట్టి రహస్యం ఘాటైన మందులో లేదు. నీళ్లు అద్దం మీద ఆరిపోకముందే వాటిని లాగేయడంలో ఉంది!

దీనికి అసలైన హీరో రబ్బరు వైపరు. ఇటలీ నుంచి అమెరికా వెళ్లిన ఎటోరే స్టెకోనే అనే కిటికీలు తుడిచే మనిషి, ఒకే రబ్బరు అంచుతో తేలికైన ఇత్తడి వైపరు తయారుచేసి 1936లో పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ్టికీ పద్ధతి అదే. కొనేటప్పుడు రబ్బరు అంచు మీద వేలు పెట్టి చూడండి. ఎక్కడా నొక్కు ఉండకూడదు. నొక్కు ఎక్కడుంటే గీత అక్కడే.

ఇక పని వరస. కెమెరా అసిస్టెంటు లెన్సు ఎలా తుడుస్తాడు? ముందు దుమ్ము ఊదుతాడు, మెత్తటి బ్రష్షుతో దులుపుతాడు, ఆ తర్వాతే గుడ్డ పెడతాడు. ఇసుక మీద గుడ్డ రుద్దితే అద్దం గీసుకుపోతుంది మరి. కిటికీకీ అంతే. ముందు దోమల జాలీ, తలుపు జరిగే పట్టాలు పాత టూత్‌బ్రష్షుతో దులపండి. అర బకెట్టు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ చిన్న చెంచాడు చాలు. దాంతో అద్దం తడిపి, పైనుంచి కిందికి వైపరు లాగండి. లాగిన ప్రతిసారీ రబ్బరు తుడవండి. అంచుల్లో మిగిలిన తడికి మైక్రోఫైబర్ గుడ్డ వాడండి. ఆఖరి కడుగుడికి 20 లీటర్ల క్యాన్‌లో వచ్చే ఆర్వో నీళ్లు రెండు గ్లాసులు వాడితే గీతల బెడద దాదాపు ఉండదు. ఎండ పడుతున్న అద్దం జోలికి వెళ్లకండి, నీళ్లు ఇట్టే ఆరిపోతాయి. పడమటి కిటికీకి పొద్దున్నే మంచి ముహూర్తం.

ఇంకో కిటుకు. లోపలి వైపు అడ్డంగా, బయటి వైపు నిలువుగా తుడవండి. తర్వాత గీత కనిపిస్తే అది ఏ వైపుదో వెంటనే తెలిసిపోతుంది.

ముదిరిన తెల్లమచ్చలకు వెనిగరు, నీళ్లు సమపాళ్లలో కలిపి చల్లి, అయిదు నిమిషాలు ఆగి తుడవండి. అయితే కిటికీ కింద తాండూరు బండో, షాబాదు బండో ఉంటే జాగ్రత్త! అవి సున్నపురాళ్లు. వెనిగరు మచ్చనే కాదు, బండనూ తింటుంది. కింద పాత గుడ్డ పరచండి.

ఇక్కడ నవ్వులు పక్కన పెట్టి ఒక మాట. “ఇంకా తెల్లగా రావాలి” అని బ్లీచింగులో బాత్‌రూమ్ యాసిడ్ గానీ, వెనిగరు గానీ, అమ్మోనియా ఉన్న అద్దాల మందు గానీ కలపకండి. విషవాయువు పుడుతుంది. తలుపులు వేసిన గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. అలాగే రెండో అంతస్తు కిటికీ అంచు మీద నిలబడి బయటకు వేలాడే ఫైటింగు సీన్లు మనకొద్దు. హీరోకు కింద వల ఉంటుంది, మనకు సిమెంటు ఉంటుంది. జరిగే రకం అల్యూమినియం తలుపులైతే ఇద్దరు పట్టుకుని పైకెత్తి లోపలికి దించుకోవచ్చు. రాకపోతే పొడవు కర్ర వైపరు ఉండనే ఉంది. పనిమనిషినైనా సరే, అంచు ఎక్కమనకండి. మన అద్దం మెరుపు ఇంకొకరి నడుము ఖరీదు కాకూడదు.

మా కిటికీ ఇప్పుడెలా ఉందంటారా? దుమ్ము మళ్లీ వస్తూనే ఉంది. లారీలు ఆగవు కదా! వారానికోసారి పావుగంట పని. అమ్మే కుర్చీలో కూర్చుని డైరెక్షన్ ఇస్తుంది. “ఆ మూలకు ఇంకోటున్నది జూడు” అంటూ ఏ గీతనూ వదలదు.

ఆఖరుగా ఒక మనవి. వైపరు లేనివాళ్లు పాత దినపత్రిక ఉండ చేసి అద్దం తుడుచుకోవచ్చు. ఆ కాగితం తడి పీల్చుకుంటుంది. ఈ పత్రిక నడిమి పేజీ జోలికి మాత్రం పోకండి. నున్నటి ఆర్టు పేపరు నీళ్లు పీల్చదు, మీ అభిమాన తార ముఖం పాడవుతుంది, అద్దం మీద మరకా పోదు!