చెంచాడు సముద్రం

మదనపల్లెకు సముద్రం లేదు. మాకు సముద్రమంటే కల్లుప్పు, ఎండుచేపలు, చిన్నప్పుడెప్పుడో మద్రాసు మెరీనాలో తడిసిన నిక్కరు. ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అది మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చే ప్రమాదమూ లేదు. అట్లాంటిది, మూడేళ్ల కిందట కారు డిక్కీలో వచ్చింది.

మా అక్క కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం. ఇల్లు మారుతూ "మామా, కొన్నాళ్లు నీ దగ్గర పెట్టుకో" అని ఒక ఉప్పునీళ్ల గాజుతొట్టి, రెండు క్లౌన్ చేపలు, చిల్లులుపడ్డ నాలుగు రాళ్లు, కాలేజీలో కొన్న పాత మైక్రోస్కోపు దించిపోయాడు. చేపలకంటే రాళ్లకే ఎక్కువ డబ్బు పెట్టాడట. మా ఆవిడది క్వారీల కుప్పం దిక్కు. రాళ్లు అమ్ముకున్నవాళ్లను చూసింది గానీ, డబ్బిచ్చి చేపలకు రాళ్లు కొన్నవాణ్ణి చూడడం అదే మొదలు.

మొదటి నెలలోనే తప్పు చేశాను. తొట్టిలో నీళ్లు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లు కలిపి పోస్తూ పోయాను. చేపలు మూలకు చేరి తిండి మానేశాయి. ఫోన్ చేస్తే మావాడు తలకొట్టుకున్నాడు. ఆవిరయ్యేది నీళ్లే గాని ఉప్పు కాదు గదా, మంచినీళ్లే పోయాల! లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పులుంటాయి. అందులో మనం కూరలో వేసుకునే ఉప్పే ముప్పాతిక పైచిలుకు. మిగతా మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లేకపోతే అది సముద్రం కాదు, ఊరగాయ నీళ్లు. పులుసులో ఉప్పు ఎక్కువైతే నీళ్లు పోయడం తెలిసినవాణ్ణి, ఇక్కడ మాత్రం తెలివి పనిచెయ్యలేదు.

చేపలు కోలుకున్నాయి. ఈలోగా గాజుకు గోధుమరంగు పొర పట్టింది. గోకి పారేయబోతూ, ఎందుకో ఒక చుక్క స్లైడు మీద వేసి చూశాను. సన్నటి పడవల్లాంటి బంగారు రంగు పెట్టెలు! డయాటమ్‌లట. ఒక్క కణం ప్రాణి, ఒంటిచుట్టూ గాజులాంటి సిలికా పెట్టె. కింద పెట్టె, పైన మూత, అచ్చం మా అవ్వ వక్కాకు డబ్బీ. కాళ్లు లేవు, తోక లేదు, అయినా నెమ్మదిగా జారుతూ పోతాయి. ఎదురుగా ఏదన్నా తగిలితే గొడవ పడకుండా వెనక్కి మళ్లుతాయి. వాటి మధ్యనుంచి కోపిపాడ్ అనే చిన్న ప్రాణి ఒకటి దూసుకుపోయింది. నుదుటి మీద ఒక్కటే ఎర్రటి కన్ను, వెనకాల గుడ్ల సంచి. చంకలో బిడ్డతో బస్సు ఎక్కే తల్లిలాగా దానికి నిలకడ లేదు.

దీని మంచినీళ్ల చుట్టం పేరు సైక్లాప్స్. దిగుడుబావుల నీళ్లు తాగిన పాతతరం దాన్ని చూడకుండానే భయపడింది. నారికురుపు పురుగు పిల్లలు ఆ సైక్లాప్స్ కడుపులో దాక్కొని మనిషిలోకి పోయేవి. ఏడాది తిరిగేసరికి మూరెడుకు మించిన పురుగు కాల్లోంచి బయటికొచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగాల్సి వచ్చేది. కడవ మూతికి గుడ్డకట్టి నీళ్లు వడగట్టడమే దానికి మందు. భారతదేశానికి నారికురుపు పీడ వదిలిందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. మా అవ్వ అంతకు చాలా ముందే పోయింది. గుడ్డ కట్టకుండా మాత్రం ఒక్కరోజూ కడవ నింపలేదు.

ఆ మంచినీళ్ల చుట్టాన్ని చూడాలనిపించి పుంగనూరు వెళ్లినప్పుడు చెరువునీళ్లు సీసాకు నింపుకున్నాను. దాదాపు మూడడుగుల పొట్టి జాతి ఆవును చూసి మురిసిపోయే ఊరు, చిన్నదాన్ని వెతకడానికి అంతకంటే మంచి చోటేముంది? మూత బిగించి బస్సెక్కాను. ఇంటికొచ్చి చూస్తే ఒక్క ప్రాణీ కదల్లేదు. ఊపిరాడక చచ్చాయి. రెండోసారి సగం సీసానే నింపి, మూత వదులుగా పెట్టి తెచ్చాను.

అప్పుడు కనిపించింది పారమీషియం, చెప్పు అడుగులాగా. ఒంట్లో అటొకటి ఇటొకటి రెండు నీటి బుడగలు. నిండుతాయి, చటుక్కున మాయమవుతాయి, మళ్లీ నిండుతాయి. గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను, పది పన్నెండు సెకన్లకొకసారి. దాని ఒంట్లో ఉప్పుంది, చుట్టూ ఉన్నవి చప్పటి నీళ్లు. అందుకే నీళ్లు ఆగకుండా లోపలికి చొరబడతాయి. తోడి పొయ్యకపోతే ఒళ్లు పగులుతుంది. సముద్రంలోని ఇలాంటి ఒక్క కణం ప్రాణికి ఈ బాధ దాదాపు లేదు, లోపలా బయటా ఉప్పు ఇంచుమించు ఒకటే. నేను చాలాసేపు కన్ను తియ్యలేకపోయాను. వెయ్యడుగులకు బోరు దించి, నీళ్లు పడలేదని నెత్తిన చెయ్యి పెట్టుకునే ఊళ్లు మావి. ఆ ఊళ్ల చెరువులోని ప్రాణికి పుట్టింది మొదలు చచ్చేదాకా నీళ్లు బయటికి తోడిపోయడమే బతుకు!

ఒక పాపమూ చేశాను. స్లైడు అంచున తొట్టినీళ్ల చుక్క తాకించాను. బుడగలు నెమ్మదించాయి, పారమీషియం ముడుచుకుపోయింది. చుక్కెడు సముద్రం చాలింది. మళ్లీ ఆ పని చెయ్యలేదు.

"మిరియాల చారు చల్లారిపోతా ఉంది, ఆ గొట్టంలో ఏం జూస్తా ఉండారు?" అని మా ఆవిడ కేక. మిరియాలకు ఘాటెందుకని వాటిని నీళ్లలో నానేసి చూస్తూనే 1676లో హాలెండు బట్టల వర్తకుడు లేవెన్‌హుక్ బ్యాక్టీరియాను కనిపెట్టాడని చెప్పాను. ఆ వేసవిలోనే సముద్రపు నీళ్లనూ చూశాడని కూడా చెప్పాను. "ఆయన పెండ్లాము ఏమనిందో రాసిపెట్టలేదా?" అంది. ఆ తర్వాత పుట్టింటికి పోయినప్పుడు మాత్రం, కుప్పం క్వారీ గుంతలో నిలిచిన వాననీళ్లు తనే తెచ్చిపెట్టింది. సీసా సగమే నింపింది.

చేపల్ని మావాడు ఎప్పుడో తీసుకుపోయాడు. తొట్టీ మైక్రోస్కోపూ ఇక్కడే ఉన్నాయి. ఇటువైపు వస్తే మీ ఊరి చెరువునీళ్లు కాసిన్ని తెండి. మూత బిగించకండి.