జోన్స్... జోన్స్... అందరూ జోన్సులే!

1879 జనవరి 22. దక్షిణాఫ్రికాలోని రోర్క్స్ డ్రిఫ్ట్‌లో బ్రిటిష్ సైన్యం నడిపే చిన్న ఆసుపత్రి మీద వేలమంది జులూ వీరులు విరుచుకుపడ్డారు. ఓ గదిలో ఏడుగురు రోగులు. వాళ్లలో ఆరుగురిని బయటికి చేర్చేదాకా ఇద్దరు సిపాయిలు గుమ్మం వదల్లేదు. ఇద్దరికీ విక్టోరియా క్రాస్ దక్కింది. ఇద్దరూ జోన్సులే! పటాలంలో జోన్సులకు కొదవలేదు మరి. అందుకే చరిత్రలో వాళ్లు 593 విలియం జోన్స్, 716 రాబర్ట్ జోన్స్‌గా మిగిలారు.

వేల్స్‌లో ఇప్పటికీ ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదే. తమాషా ఏంటంటే, సంప్రదాయ వెల్ష్ అక్షరమాలలో 'జె' అక్షరమే లేదు.

మనకైతే ఊరి పేరో, పూర్వీకుల వృత్తో ఇంటిపేరై తరాలు దాటి వస్తుంది. ఐదొందల ఏళ్ల కిందట చాలామంది వెల్ష్ వాళ్లకు అదేమీ లేదు. సొంత పేరు, తండ్రి పేరు, మధ్యలో 'అప్'... అంటే కొడుకు అని. కూతురైతే 'వెర్ఖ్'. పెళ్లయినా ఆమె పేరు మారేది కాదు. అవసరమైతే తాత, ముత్తాతల పేర్లూ వరసగా చెప్పేవారు. అదేదో గొప్పకోసం కాదు. భూమి పంచుకోవాలన్నా, హత్య జరిగితే పరిహారం కట్టాలన్నా ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియాలి కదా!

ఎనిమిదో హెన్రీ కాలంలో 1536, 1543 చట్టాలతో వేల్స్‌కి ఇంగ్లిష్ చట్టం, కోర్టుల్లో ఇంగ్లిష్ భాష వచ్చాయి. గుమాస్తాలకు అంత పొడవు పేర్లతో పనేముంది? ఒక్క ఇంటిపేరు చాలు. 'అప్ రీస్' కాస్తా ప్రైస్, 'అప్ హవెల్' పావెల్ అయ్యాయి. జాన్ కొడుకులు జోన్సులయ్యారు. నాలుగిళ్లకో జాన్ ఉన్న దేశంలో ఇక చెప్పేదేముంది! జాన్‌కి వెల్ష్ రూపమైన ఇవాన్ నుంచి ఇవాన్స్ పుట్టింది. అంటే జోన్స్, ఇవాన్స్ అన్నదమ్ములన్నమాట.

ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. ముందు జమీందార్లు, ఎంతోకాలానికి పల్లె రైతులు. యాంగిల్సీ దీవిలో షోన్ షోర్, అంటే జాన్ జార్జ్ అనే ఆయన కొడుకు విలియం. పాత పద్ధతిలో తండ్రి సొంత పేరునే తీసుకుని విలియం జోన్స్ అయ్యాడు. బడిపిల్లల్ని వేధించే 'పై' గుర్తును వృత్తం లెక్కకు 1706లో తొలిసారి అచ్చులో వాడింది ఈయనే. ఆయన కొడుకు పేరూ విలియమే. తాతల లెక్క ప్రకారం అతను విలియమ్స్ కావాలి. కానీ అప్పటికే పేరు గడ్డకట్టేసింది, జోన్స్‌గానే ఉండిపోయాడు. కలకత్తాకు జడ్జిగా వచ్చి 1784లో ఏషియాటిక్ సొసైటీ పెట్టి, సంస్కృతానికీ గ్రీకు, లాటిన్లకూ మూలం ఒకటే అయ్యుంటుందన్న సర్ విలియం జోన్స్ ఆయనే.

పల్లెల్లో మాత్రం జనం తమ ఉపాయం తాము చూసుకున్నారు. పాల జోన్స్, రొట్టెల జోన్స్... ఇలా పనిని బట్టి పిలుపు. 2006 నవంబరు 3న కార్డిఫ్‌లో 1,224 మంది జోన్సులు ఒకేచోట చేరి గిన్నిస్ రికార్డు కొట్టారు. అంతకుముందు ఆ రికార్డు స్వీడన్‌లోని నార్‌బెర్గ్‌లది, 583 మంది.

ఇంకోపక్క, కొందరు వెల్ష్ తల్లిదండ్రులు ఇంగ్లిష్ ఇంటిపేరును పక్కనపెట్టి పిల్లల పేర్లలో మళ్లీ 'అప్' చేరుస్తున్నారు. ఆడపిల్లలకు 'వెర్ఖ్' కూడా.