సత్యం పంటల దారిలో

ముంబై హైవే మీద జహీరాబాద్ దిగి ఊళ్లవైపు తిరిగితే ముందు కనిపించేది చెరకే. జనవరి నెల కాబట్టి గడలు నింపుకున్న ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి ఫ్యాక్టరీకి పోతున్నాయి. అవి బోర్లున్నవాళ్ల పొలాలు. ఇంకాస్త లోపలికి వెళ్తే గరుసు నేలలు, ఎర్ర చెలకలు మొదలవుతాయి. వానే తప్ప వేరే నీటి ఆధారం లేని భూములు. వాటిని చూడాలని, వాటిని సాగు చేస్తున్న ఆడవాళ్లతో మాట్లాడాలని ఎప్పటినుంచో అనుకుంటూ ఈసారి బయల్దేరాను.

సంక్రాంతి వెళ్లి కొద్దిరోజులే అయింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఏటా ఈ రోజుల్లోనే పాత పంటల జాతర తీస్తారు. సంక్రాంతికి మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా ఊరూరూ తిరుగుతారు. నేను చేరుకునేసరికి ఊరి మొదట్లో డప్పులు మోగుతున్నాయి. ఎడ్లబండ్లకు మామిడి తోరణాలు, బంతిపూల దండలు. బండ్ల మీద మట్టి కుండలు, వెదురు గుల్లలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో గింజ. పచ్చజొన్న, ఎర్రజొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు, కంది, పెసర, ఉలవ, అనుము, బొబ్బర, అవిసె, కుసుమ. బండి చక్రం దగ్గర నిలబడి ఆ పేర్లు ఒకావిడ చెబుతుంటే, నా పక్కనున్న బడిపిల్లలు ఒక్కో గింజ చేతిలోకి తీసుకుని చూస్తున్నారు.

వేపచెట్టు కింద ఊరివాళ్లంతా కూర్చున్నాక అసలు మాటలు మొదలయ్యాయి. ఉపన్యాసాలేమీ లేవు. ఒక నడివయసు రైతు లేచి అడిగాడు: "అవ్వా, పచ్చజొన్న ఇత్తనం మా ఇంట్ల లేకుంట పోయి ఏండ్లాయె. ఒక సేరు ఇయ్యరాదు?"

"ఇస్త బిడ్డా. పంటొచ్చినంక రెండు సేర్లు తెచ్చి సంఘంల పొయ్యాలె. ఇత్తనం మాత్రం అమ్ముకోవద్దు" అంది గుల్ల ముందు కూర్చున్న పెద్దావిడ.

ఈ ప్రాంతంలో విత్తన బ్యాంకు అంటే ఇదే. దానికి కౌంటరు లేదు, కాగితం లేదు. ఆ సాయంత్రం ఆ పెద్దావిడ వాళ్లింటికి తీసుకెళ్లి తన విత్తనాలు చూపించింది. చీకటి గదిలో గోడ వారగా వెదురు గుల్లలున్నాయి. లోపలా బయటా ఎర్రమన్ను, పేడ కలిపి అలికినవి. ఒకదాని మూతి మట్టి పెచ్చు తీసి చెయ్యి లోపల పెట్టమంది. పైన ఎండిన వేపాకు, కింద బూడిద, ఆ బూడిదలో చల్లగా గింజలు. కోతలకు ముందే చేను మొత్తం తిరిగి, నిండుగా గింజ పట్టిన కంకులు ఏరి, వాటిని వేరేగా ఎండబెట్టి ఇలా దాస్తారట. ఆ ఏరే పని మగవాళ్లకు అప్పగించరు. ఏ కంకి విత్తనానికి పనికొస్తుందో, ఏది తిండికి పోతుందో తేల్చేది ఆమె చూపే. నేను ఇక్కడికి రాకముందు విత్తన సంరక్షణ అంటే శీతల గిడ్డంగులూ ప్రయోగశాలలూ అనుకునేవారిలో ఒకణ్ణి. ఏటా నేలలో పడి, ఏటా వాననూ ఎండనూ చూసి తిరిగి గుల్లలోకి వచ్చే విత్తనానికి ఉండే బలం వేరు.

ఈ సంఘాల వెనక ఉన్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది 1983లో. పస్తాపూర్ కేంద్రంగా జహీరాబాద్ చుట్టుపక్కల సుమారు 75 గ్రామాల్లో పనిచేస్తూ వచ్చింది. స్థాపకుల్లో ముఖ్యుడు పి.వి. సతీష్. మైసూరు ప్రాంతం మనిషి, దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసినవారు. 2023 మార్చిలో కన్నుమూశారు. సంస్థకు ఆయువుపట్టు ఊళ్లలోని మహిళా సంఘాలు. సభ్యులు ఎక్కువగా దళిత స్త్రీలు, ఎకరం రెండెకరాల చెలక ఉన్నవాళ్లు, అదీ లేక కూలికి పోయేవాళ్లు.

అదే 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. దానివల్ల లక్షల ఇళ్లలో పొయ్యి వెలిగింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే అన్యాయం. అయితే ఈ చెలకల్లో వరి పండదు. రేషన్ సంచిలో బియ్యం వస్తుంటే జొన్న కొనేవాడు లేడు, పండించేవాడూ తగ్గాడు. పొలాలు బీడు పడ్డాయి. బీడు పడ్డ ఊళ్లో కూలీ కూడా దొరకదు. అలా కడుపులోకి బియ్యం వచ్చి, చేతిలోంచి పని పోయింది.

దీనికి విరుగుడుగా సంఘాలు 1990ల నడుమ చేసిన పని నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది. బీడు భూములున్న చిన్న రైతులకు దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి, కలుపుకు అప్పు ఇచ్చారు. ఆ అప్పు డబ్బుగా కట్టనక్కర్లేదు. అయిదేళ్లపాటు కొంచెం కొంచెంగా జొన్నలు కొలవాలి. అలా పోగైన జొన్న ఊళ్లోనే నిల్వ ఉండి, వానాకాలంలో ఇళ్లలో గింజ నిండుకునే రోజుల్లో పేదలకు తక్కువ ధరకు అందేది. ఎవరు పేదలో తేల్చడానికి పై అధికారులెవరూ రాలేదు. ఊరి ఆడవాళ్లు నేల మీద రంగులతో ఊరి పటం ముగ్గుగా వేసి, ఇల్లిల్లూ లెక్కతీసి, అందరి ముందూ వాదించుకుని తేల్చారు. పండించింది ఆ ఊరే, దాచింది ఆ ఊరే, తిన్నదీ ఆ ఊరే. ఒక స్వచ్ఛంద సంస్థ రైతుకు చేసే సాయం ఇలా ఉండాలి. పెట్టుబడి తెచ్చిపెట్టాలి, నిర్ణయం మాత్రం వాళ్లకే వదిలేయాలి.

మర్నాడు పొద్దున్నే నల్లరేగడి వైపు వెళ్లాం. మంచు ఇంకా విడవలేదు. చేను గట్టు పొడవునా కుసుమ. దాని ముళ్లకు జడిసి పశువులు లోపలికి రావు. కంచె కట్టే ఖర్చు లేదు, గింజలేమో నూనెకు పనికొస్తాయి. లోపల శనగ, మధ్య మధ్య సాళ్లలో తెల్లజొన్న, నీలి పూల అవిసె. శనగ ఆకు మీద చెయ్యి వేసి వేలు నాకమంది నా వెంట వచ్చిన చెల్లెమ్మ. నాలుక పుల్లబడింది. మంచు పడ్డప్పుడు ఆ ఆకు మీద ఊరే పులుసు అది. తెల్లవారుజామున చేను మీద తెల్ల బట్ట పరిచి, ఆ పులుపు పట్టిన నీటిని పిండి దాచుకోవడం ఈ తావుల్లో పాత అలవాటు.

ఈ చేనుకు విత్తాక ఒక్క చుక్క నీరు పెట్టలేదు. "ఆన పడది, నీళ్లు పెట్టం, మందెయ్యం. భూమిల తడి, పైన మంచు, గంతే. సత్తెమున్నది గనుకనే పండుతయి" అంది ఆమె. వీళ్లు ఈ యాసంగి పైర్లను సత్యం పంటలంటారు.

వానాకాలంలో ఎర్ర చెలక చూడమని, అప్పుడైతే ఒక్క ఎకరంలోనే ఇరవై దాకా పంటలు కలిసి ఉంటాయని చెప్పారు. వాటిలో కంది వేరు లోతుకు పోతుంది, పెసర తొందరగా చేతికొస్తుంది, జొన్న తినే ఇంటికీ మేసే ఎడ్లకూ సరిపోతుంది. వాన ముందు పడి వెనక మానినా, ముందు మాని వెనక పడినా ఏదో ఒకటి నిలుస్తుంది. విత్తని కూరలూ ఆ చేలోనే దొరుకుతాయి. దొగ్గలి, జొన్నచెంచలి, తుమ్మికూర, గునుగు. పురుగుమందు కొట్టిన చేలో వీటిని తెంపి తినలేం. మందు కొట్టని చేను ఆ ఇంటికి కూరగాయల అంగడి కూడా.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చి ఉల్లిగడ్డ పెట్టారు. ఆ రొట్టె రుచి చెప్పడానికి నాకు మాటలు చాలవు.

మాచనూరులో సంఘం రేడియో చూశాను. 2008 అక్టోబరులో మొదలైంది, 90.4 మీద సాయంత్రాలు వినిపిస్తుంది. అంతకు దాదాపు పదేళ్ల ముందు నుంచే ఇక్కడి మహిళలు క్యాసెట్లలో కార్యక్రమాలు రికార్డు చేసి పెట్టుకుంటూ, ప్రసారానికి అనుమతి కోసం ఎదురుచూశారు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు దాన్ని నిలబెట్టారు. విత్తే రోజులు, పశువుల జబ్బులు, పాటలు, ఆడపిల్లల చదువు, అన్నీ వాళ్ల యాసలోనే. తమ మాట రేడియోలో వినిపించడం ఈ ఊళ్లకు ఎంత ధైర్యమో ఆ గదిలో కూర్చుంటే తెలుస్తుంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి వచ్చింది. 2023ను ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. చిరుధాన్యాల విలువ గురించి ఈ ఆడవాళ్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందే చెప్పారు.

కష్టాలు లేవని కాదు. పిల్లలు హైదరాబాద్ దారి పడుతున్నారు. కొర్రలు, సామలు దంచి బియ్యం చేయడం నడుము విరిగే పని, ఊరికో చిన్న మర కావాలి. ఝరాసంగం, న్యాల్కల్ మండలాల్లో నిమ్జ్ పారిశ్రామిక మండలం కోసం 12 వేల పైచిలుకు ఎకరాలు తీసుకోవాలన్న ప్రణాళిక ఉంది. ఫ్యాక్టరీలు రావద్దని నేననను. అయితే నీళ్లు లేకుండా పండే రేగడిని ఒకసారి కాంక్రీటు కింద పెడితే మళ్లీ తేలేం. ఆ లెక్క ఎకరానికి ఇచ్చే పరిహారంలో ఉండదు.

పాలకులను కోరేది ఒకటుంది. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలకూ చోటుంది. కిలో రూపాయికి ఇవ్వాలని అప్పట్లోనే ధర రాశారు. ఇక్కడికి కూతవేటు దూరంలోని కర్ణాటక జొన్ననూ రాగినీ రేషన్‌లో ఇస్తోంది. మన ప్రభుత్వాలు జహీరాబాద్ చెలకల్లో పండిన జొన్నను మద్దతు ధరకు కొని, ముందు ఆ మండలాల రేషన్ దుకాణాల్లో, అంగన్‌వాడీల్లో, బడి భోజనంలో పెట్టాలి. పట్నంలో ఉన్న మనం కూడా నెలకు రెండు మూడు కిలోల జొన్నలు, కొర్రలు ఇలాంటి సంఘాల దగ్గర కొందాం. కొనేవాళ్లుంటే ఆ పెద్దావిడ గుల్లలోని విత్తనం వచ్చే ఏడు ఇంకో ఎకరంలో పడుతుంది.