పెంకుముక్కలు, నామినేషన్లు

18 డిసెంబర్ 2023, సోమవారం, తార్నాక

నిన్న రాత్రి బిగ్‌బాస్ ఏడో సీజన్ ఫైనల్. పల్లవి ప్రశాంత్ గెలిచాడు. అన్నపూర్ణ స్టూడియో బయట అభిమానులు రన్నరప్ అమర్‌దీప్ కారు మీద పడ్డారు, ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు వచ్చి పది రోజులు కాలేదు, అసలే బస్సులు చాలక తార్నాక స్టాపులో తోపులాట.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో సోఫోక్లిస్ ‘ఈడిపస్’ పాఠం. “బిగ్‌బాస్ కూడా ట్రాజెడీయే కద సార్?” అన్నాడొకడు. క్లాసంతా నవ్వింది. తీసిపారేసే మాట కాదు. మూసిన ఇల్లు, మనిషి కనపడని గొంతు, దానికి ఎదురు చెప్పలేని జనం.

21, గురువారం

నిన్న ప్రశాంత్‌ని సొంతూళ్లో అరెస్టు చేసి చంచల్‌గూడ పంపారు. ఆదివారం ట్రోఫీ, బుధవారం జైలు. వద్దన్నా ర్యాలీగా తిరిగొచ్చాడని పోలీసులంటున్నారు. నాయకుడి పొరపాటు, ఆ వెంటనే తలకిందులు: అరిస్టాటిల్ అడిగినవన్నీ ఉన్నాయని పిల్లలు ఒకటే సంబరం.

నాకు మాత్రం కోరస్ దగ్గర లెక్క తప్పుతోంది. సోఫోక్లిస్ నాటకంలో జనం తరఫున మాట్లాడే ఆ కోరస్‌లో 15 మంది. ఏడుస్తారు, హెచ్చరిస్తారు, ఈడిపస్ కళ్లు పొడుచుకుంటే ఆపలేరు. మన కోరస్ ప్రేక్షకులే, వాళ్ల చేతిలో ఓటుంది, రాయి కూడా ఉంది. 2019లో మూడో సీజన్ ఆపాలని ధర్నా చేసింది ఉస్మానియా విద్యార్థులే. ఇప్పుడు హాస్టల్ గదుల్లో ఓట్ల ప్రచారం!

22, శుక్రవారం

ఈ నాటకాలాడిన ఏథెన్స్‌లోనే ఇంకో ఆట ఉండేది. నచ్చనివాడి పేరు పెంకుముక్క మీద గీకాలి. 6000 పెంకులు పోగైతే, ఎక్కువసార్లు పేరు పడ్డవాడు పదేళ్లు ఊరు విడిచిపోవాలి. నేరం రుజువు చేయక్కర్లేదు. ప్లుటార్క్ ఒక ముచ్చట చెప్తాడు. చదువురాని పల్లెటూరివాడొకడు ఎదురుగా ఉన్నదెవరో తెలియక ఏథెన్స్ నాయకుడు అరిస్టైడిస్‌కే పెంకు ఇచ్చి, అరిస్టైడిస్ పేరు రాయమన్నాడట. ఆయన నీకేం చేశాడంటే, ఏమీ చేయలేదుగానీ అందరూ ధర్మాత్ముడు ధర్మాత్ముడు అంటుంటే వినలేక చస్తున్నానన్నాడు. అరిస్టైడిస్ మారుమాట లేకుండా రాసిచ్చాడు. క్రీ.పూ. 482లో ఊరు విడిచాడు.

బిగ్‌బాస్ ఇంట్లో సోమవారం నామినేషన్లలో చెప్పే కారణాలు దీనికేం తీసిపోవు. “నువ్వు మంచివాడిలా నటిస్తున్నావు” అనే కదా సగం గొడవ. ఇక్కడ జనం ఓటు కాపాడ్డానికి, అక్కడ గెంటడానికి. తేడా అంతే.

బిగ్‌బాస్ పుట్టుక నాటకశాలలో కాదు, ఆ పెంకుల కుప్పలోనే ఉంది. పిల్లలు ఒప్పుకోరు, వాదించనీ. ప్రశాంత్‌కి ఈరోజు నాంపల్లి కోర్టు బెయిలిచ్చింది.